కిండర్‌గార్టెన్ అంటే కాపలానా?

"సర్కారు డబ్బుతో పిల్లల కాపలా ఏంటండీ?" వాషింగ్టన్ రాష్ట్రపు పూర్తిరోజు కిండర్‌గార్టెన్ గురించి మనవాళ్ళే ఇలా అంటుంటే ఒళ్ళు మండుతుంది. ఒకప్పుడిక్కడ రాష్ట్రం డబ్బిచ్చింది ఒంటిపూట బడికే. రెండోపూట కావాలంటే చాలా డిస్ట్రిక్టుల్లో ఫీజు కట్టాలి. రెడ్మండ్‌లో కోడు రాసుకునే మనకి అదో లెక్క కాదు. క్యాంటీన్లో గంటల లెక్కన పనిచేసే ఆవిడకో? మధ్యాహ్నం బడి వదిలితే పని మానాలి, లేదా జీతమంతా డేకేర్‌కి ధారపోయాలి.

2007లో బాగా పేద పిల్లలుండే బడులతో మొదలెట్టి, 2016-17కి అన్ని బడులకీ ఉచితం చేశారు. ఆ వరస నాకు నచ్చింది, తొమ్మిదేళ్ళు పట్టడమే నచ్చలేదు. మొదట్లో ఐదేళ్ళున్న పిల్లకి అప్పటికి పద్నాలుగు!

ఇక "మా టాక్సులు" అనేవాళ్ళకి: మన జీతాల మీద ఇక్కడ రాష్ట్ర ఆదాయపు పన్నే లేదు కదా మాస్టారూ. అమ్మకం పన్ను ఆవిడా అదే రేటున కడుతోంది.