బడిని కూల్చే ముందు కమ్మీ చూడండి

ఆ సోమవారం ఇంకా ప్రార్థన గంట కొట్టలేదు. తొమ్మిదో తరగతి గదిలో రెండో బెంచీ మీద శ్లాబు పెచ్చు ఊడిపడింది. పిల్లలు బయట ఉన్నారు కాబట్టి సరిపోయింది. నేను వెళ్లేసరికి బెంచీ మీద అరచేతంత సిమెంటు ముక్కలు పడున్నాయి, పైన కమ్మీ బయటికి కనబడుతోంది. స్టూలెక్కి గోటితో గీస్తే తుప్పు పొరలు పొరలుగా రాలింది. ఎనిమిది మిల్లీమీటర్ల కమ్మీ కొన్నిచోట్ల సైకిలు పుల్లకంటే కాస్త లావు మిగిలింది, అంతే. ఆ గది కట్టి అప్పటికి పాతికేళ్లు కూడా కాలేదు. అదే ఆవరణలో, అంతకు చాలా ముందు ఇటుక, సున్నంతో కట్టిన వరండా గదులు మాత్రం గట్టిగా నిలబడి ఉన్నాయి.

నెల్లూరు జిల్లా ఇందుకూరుపేట చుట్టుపక్కల హైస్కూళ్లలో ముప్పై ఏళ్లు ఫిజికల్ సైన్స్ చెప్పి రిటైరయ్యాను. ఇప్పటికీ తల్లిదండ్రుల సమావేశానికి పిలిస్తే వెళ్తాను. బడి భవనం మాటెత్తితే చాలు, జనం రెండుగా చీలతారు. పాతదానికి ఎంత పెట్టినా దండగ, పడగొట్టి కొత్తది కట్టించమని సగం మంది. ఉన్నదాన్ని బాగుచేస్తే చాలదా అని మిగతా సగం. రెండు వర్గాలూ చూసేది భవనం వయసునే. సముద్రం దగ్గరున్న మా మండలంలో చూడాల్సింది వయసు కాదు, ఉప్పు.

మంచి కాంక్రీటులో క్షారగుణం ఉంటుంది. అది ఇనుము చుట్టూ సన్నటి రక్షణ పొరను నిలుపుతుంది. గాలిలోని కార్బన్ డై ఆక్సైడ్ ఏళ్ల తరబడి లోపలికి దిగి ఆ క్షారాన్ని తినేస్తుంది. మైపాడు తీరం వైపు నుంచి వీచే గాలిలో ఉన్న ఉప్పు అంతకంటే వేగంగా ఆ పొరను ఛేదిస్తుంది. ఇక కట్టేటప్పుడే ఉప్పు బోరు నీళ్లు కలిపితే శత్రువును మనమే లోపల కూర్చోబెట్టినట్టు. ఇనుముతో కలిపి వేసే కాంక్రీటుకు వాడే నీళ్లలో క్లోరైడు లీటరుకు 500 మిల్లీగ్రాములు దాటకూడదని ఐఎస్ 456 ప్రమాణం చెబుతోంది. రొయ్యల గుంటల పక్కన వేసిన బోర్లలో ఆ హద్దు నిలుస్తుందో లేదో నోట్లో పోసుకున్న వాళ్లకే తెలుస్తుంది. తుప్పు పట్టిన ఇనుము రెండింతల నుంచి ఆరింతల దాకా ఉబ్బుతుంది. కాంక్రీటు ఆ ఒత్తిడికి ఓర్చలేక పగులుతుంది. మనం పెచ్చులూడటం అనేది దాన్నే.

దీన్ని కనిపెట్టడం పెద్ద విద్యేమీ కాదు. కొత్తగా పగిలిన కాంక్రీటు మీద ఫినాఫ్తలీన్ చుక్క వేస్తే, క్షారం ఉన్నచోట గులాబీ రంగు తిరుగుతుంది, లేనిచోట రంగే రాదు. ఆ రోజు రాలిన ముక్కను ల్యాబుకు తీసుకెళ్లి పిల్లల ముందే చుక్క వేశాను. అంచు నుంచి కమ్మీ ఆనిన గాడి దాకా రంగు రాలేదు. ఇంకో ముక్కను దంచి, నీళ్లలో నానబెట్టి, వడగట్టి, కాస్త నైట్రిక్ ఆమ్లం, ఆపైన సిల్వర్ నైట్రేట్ వేస్తే పాలలాంటి తెల్లటి అవక్షేపం దిగింది. అంటే ఉప్పు ఉన్నట్టే. పదో తరగతి పిల్లలకు ఆ పాఠం మళ్లీ చెప్పాల్సిన అవసరం రాలేదు. ల్యాబులో చేసింది సూచన మాత్రమే. అసలు పరీక్ష ఇంజనీర్లు చేయాలి. రీబౌండ్ హామర్‌తో కాంక్రీటు గట్టిదనం, అల్ట్రాసోనిక్ తరంగాలతో లోపలి పగుళ్లు, హాఫ్ సెల్‌తో కమ్మీలకు తుప్పు పట్టే అవకాశం తెలుస్తాయి. ఈ పరీక్షలకయ్యే ఖర్చు ఒక కొత్త గది ఖర్చు ముందు చాలా చిన్నది.

పరీక్ష లేకుండా చేసే మరమ్మతు ప్రమాదం. ఊడిన చోట సిమెంటు మెత్తి రంగేస్తే గది కొత్తదిలా కనబడుతుంది. కానీ ఉప్పు దిగిన శ్లాబులో ఒకచోట అతుకు వేస్తే, దాని పక్కనే తుప్పు మరింత జోరుగా మొదలవుతుంది. నిజమైన మరమ్మతు అంటే కమ్మీ వెనక దాకా చెక్కి, తుప్పు గీకి, బలం పోయిన కమ్మీకి తోడు కమ్మీ కట్టి, తగిన మిశ్రమంతో పూడ్చి, మిద్దెమీద నీళ్లు దిగకుండా చేయడం. 2025 జులై 25న రాజస్థాన్‌లోని ఝాలావాడ్ జిల్లా పిప్లోదీలో ప్రభుత్వ బడి పైకప్పు కూలి ఏడుగురు పిల్లలు చనిపోయారు. ఆ వార్త చదివిన రోజు నాకు ఆ రెండో బెంచీయే కళ్లముందు మెదిలింది.

పరీక్ష లేకుండా కూల్చడమూ తప్పే. పాతదంటే పాడైనదని కాదు. మా మండలంలోని పల్లిపాడు దగ్గర, పెన్నా ఒడ్డున ఉన్న పినాకినీ సత్యాగ్రహాశ్రమాన్ని గాంధీజీ 1921 ఏప్రిల్ 7న ప్రారంభించారు. నూరేళ్లు దాటినా జనం ఇప్పటికీ చూడటానికి వెళ్తున్నారు. నెల్లూరులో 1875లో మొదలైన వీఆర్ హైస్కూలు కొన్నేళ్లు మూతపడి, ఆధునికీకరించాక 2025 జులైలో మళ్లీ తెరుచుకుంది. అంత పాత బడినీ పిల్లలకు తిరిగి అప్పగించగలిగారు. మనసుంటే సాధ్యమే.

అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో బడిని బాగుచేసే ఖర్చు, కొత్తగా కట్టే ఖర్చులో మూడింట రెండొంతులు దాటితే కొత్తదే మేలని ఒక లెక్క పెట్టుకున్నారు. మనకూ అలాంటి గీత ఒకటి కావాలి. కానీ ఆ లెక్కలో డబ్బొక్కటే చాలదు. కొత్త భవనాన్ని సాధారణంగా ఆటస్థలంలోనే లేపుతారు. కబడ్డీ కోర్టు పోతుంది, వేపచెట్టు పోతుంది. పనులు సాగినన్నాళ్లూ రెండు సెక్షన్లను ఒకే గదిలో కూర్చోబెడతారు. పదో తరగతి పిల్లవాడికి పోయిన ఆ ఏడాది మళ్లీ రాదు.

2019 నవంబరు 14న మొదలైన మన బడి నాడు-నేడు పథకం మొదటి విడతలో 15,715 బళ్లు చేపట్టారు. మరుగుదొడ్లకు నీళ్లొచ్చాయి, ఫ్యాన్లు తిరిగాయి. ఆ మేలు కళ్లారా చూశాను, కాదనను. రెండో విడతలో అదనపు గదులు చాలాచోట్ల సగంలో ఆగిపోయాయి. సముద్రం దగ్గర సగం కట్టిన పిల్లర్ కంటే చెడ్డది లేదు. పైకి పొడుచుకొచ్చిన కమ్మీలు ఉప్పుగాలికి రోజూ తుప్పు తింటుంటాయి. రేపు పని మళ్లీ మొదలైతే, ఆ కమ్మీలను పరీక్షించకుండా వాటిమీదే శ్లాబు పోస్తే, ఇంకో పాతికేళ్లకు ఇంకో బెంచీ మీద ఇంకో పెచ్చు పడుతుంది.

ఇక్కడ బడి వరదలో ఊరికి దిక్కు కూడా. 2021 నవంబరులో సోమశిల జలాశయం నుంచి అయిదు లక్షల క్యూసెక్కులకు పైగా వదిలినప్పుడు పెన్నా పొంగి మా మండలంలో ఊళ్లు మునిగాయి. అలాంటి రాత్రి జనం బిడ్డల్ని, బియ్యం మూటల్ని ఎత్తుకుని చేరేది గట్టి మిద్దె ఉన్న బడికే. అందుకే పిల్లర్లు, బీములే దెబ్బతిన్నాయని పరీక్ష తేల్చితే మొహమాటపడకుండా కూల్చాల్సిందే. అప్పుడు కట్టేది మాత్రం తీరానికి తగ్గట్టు కట్టాలి. ఐఎస్ 456 తీరప్రాంతానికి చెప్పినట్టు ఎం30 కాంక్రీటు, కమ్మీ మీద 45 మిల్లీమీటర్ల కవరు, పరీక్షించిన మంచినీళ్లు, వరద మట్టానికి పైన పునాది. శ్లాబు పోసే రోజు కవరు బిళ్లలు కొలవడానికి విద్యా కమిటీ నుంచి ఒక్కరైనా టేపు పట్టుకుని అక్కడ నిలబడాలి.

అధికారులకు నా విన్నపం ఇదొక్కటే. తీర మండలాల్లోని ప్రతి హైస్కూలులో ప్రతి గదికీ పరీక్ష చేయించండి. ఆ నివేదికను తెలుగులో రాయించి బడి గోడకు అంటించండి. ఏ గది నిలుస్తుందో, ఏది బాగుపడుతుందో, ఏది కూలాలో తల్లిదండ్రులే చదువుకుంటారు. కూలాల్సిన గదికి ఆ రోజే తాళం వేయండి. కొత్త గదులు తయారయ్యేదాకా బాగున్నవాటిని పడగొట్టకండి. మా పక్క వానలు అక్టోబరులో మొదలై డిసెంబరు దాకా పడతాయి. ఈ పని వానలకు ముందే జరగాలి.