రాతకోతలు లేకుండా వైన్ ద్రాక్ష నాటొద్దు



సికింద్రాబాద్ సీతాఫల్‌మండిలో మా చెల్లెలు ఉంటుంది. పోయిన నెల అక్కడికి పోయి, రైలు దిగి నడుస్తుంటే ఒక సంగతి తట్టింది. ఆ బస్తీ పేరులో సీతాఫలం ఉంది, మండి కూడా ఉంది. రైతు గంప దించే మండి మాత్రం నాకు ఎక్కడా కనబడలేదు. కనబడింది మద్యం దుకాణం. దాని మీద పెద్ద అక్షరాలతో 'వైన్స్' అని బోర్డు. మన దగ్గర ఏ ఊరికి పోయినా అదే బోర్డు. లోపల అమ్మేది ఎక్కువగా విస్కీ, బ్రాందీ, బీరు. వైన్ అంటే ద్రాక్షరసం పులియబెట్టి చేసేది. ఆ బోర్డు వల్ల మన ద్రాక్ష రైతుకు ఒరిగిందేమిటో ఎవరైనా చెప్పగలరా?

ఇది ఎందుకు చెబుతున్నానంటే, ఈ మధ్య మా వైపు ఒకాయన వచ్చాడు. చిన్న వైనరీ పెడతాం, రెడ్ వైన్ చేస్తాం, షిరాజ్ రకం నాటండి, కాసిన ప్రతి గుత్తీ మేమే కొంటాం అన్నాడు. ఆ మాట కాగితం మీద రాసియ్యి బిడ్డా అంటే, "మా మీద నమ్మకం లేదా పెద్దాయనా?" అని నవ్వాడు. లేదు. ఎందుకు లేదో చెబుతాను.

అంగూరు తోట మనకు కొత్త కాదు. అనాబ్-ఇ-షాహి రకాన్ని 1890 ప్రాంతంలో అబ్దుల్ బాకర్ ఖాన్ హైదరాబాద్‌కు తెచ్చాడంటారు. తర్వాత మేడ్చల్, శామీర్‌పేట, శంషాబాద్ వైపు ఎటు చూసినా పందిళ్లే. బూజు తెగులు మందుల ఖర్చు, ఎండిన బోర్లు, పెరిగిన భూమి ధరలు కలిసి ఆ తోటలను తీసేశాయి. మా ఎకరంన్నర కూడా అట్లాగే పోయింది. పందిరి మోసిన రాతి కడీలు ఇవాళ ప్లాట్లకు హద్దురాళ్లు. అయినా ఒకటి ఒప్పుకోవాలి. అడ్తిదారు ధర దించితే అప్పుడు మేం వేరే దుకాణానికి పోయేవాళ్లం. అదీ కాకపోతే రోడ్డు పక్కన తట్ట పెట్టుకుని అమ్మేవాళ్లం. అది తినే పండు.

రెడ్ వైన్ ద్రాక్ష అట్లా కాదు. గింజ చిన్నది, తోలు మందం, లోపల విత్తనాలు. వైన్‌కు ఎర్ర రంగు వచ్చేది ఆ తోలు నుంచే. దాన్ని మార్కెట్లో పోస్తే తినడానికి ఎవరూ కొనరు. వైనరీ వద్దంటే ఇంక దిక్కులేదు.

దాని సాగు ఎట్లుంటదో చూడండి. ముందు డాగ్రిడ్జ్ వేరుమూలం నాటి, దాని మీద అంటు కట్టాలి. కడీలు, తీగెలు, డ్రిప్పు అన్నీ మన అప్పే. ఫ్రాన్స్‌లో తీగ చలికాలం నిద్రపోతుంది, ఏడాదికి ఒక్క కత్తిరింపు చాలు. మన దగ్గర తీగ నిద్రపోదు. ఏప్రిల్‌లో ఒకసారి, అక్టోబర్‌లో మరోసారి కత్తిరించాలి. నడుమ వానాకాలమంతా బూజు తెగులుతో, పక్షికన్ను తెగులుతో కొట్లాట. ఫిబ్రవరి, మార్చిలో కోత. అప్పుడే వడగండ్ల భయం.

అసలు చిక్కు కోత దగ్గరే ఉంది. వైన్‌కు కాయలో తీపి 22 నుంచి 24 శాతం దాకా రావాలి. వైనరీ మనిషి మీటరు పెట్టి చూసి "ఇంకో వారం ఆగు" అంటాడు. ఆగితే తీపి పెరుగుతుంది, గింజలో నీరు తగ్గి బరువు పడిపోతుంది. లాభం వాళ్లకు, కిలోల్లో నష్టం మనకు. కోసిన ద్రాక్ష రెండు రోజులు ఆగదు. పీపాలో వైన్ ఏళ్ల తరబడి ఆగుతుంది. ఇక బేరంలో ఎవరిది పైచేయి?

నాసిక్ రైతుకు జరిగింది మరవొద్దు. 2001లో మహారాష్ట్ర ప్రభుత్వం ద్రాక్ష ప్రాసెసింగ్ విధానం తెచ్చి వైన్‌కు ఎక్సైజ్ సుంకం మినహాయించింది. రైతులు ఆశపడి వైన్ రకాలు నాటారు. 2008 మాంద్యంలో గిరాకీ పడిపోగానే వైనరీలు కొనుగోలు తగ్గించాయి. కొందరు రైతులు తోటలే పీకేశారు. రాయితీ వైనరీకి పోయింది, నష్టం రైతుకు మిగిలింది.

చట్టం చేయడం చేతకాదా? 1966 నాటి చెరకు నియంత్రణ ఉత్తర్వు ప్రకారం ఫ్యాక్టరీ 14 రోజుల్లో డబ్బు కట్టాలి, దాటితే 15 శాతం వడ్డీ ఇవ్వాలి. ఆయిల్‌పామ్‌కు 1993 చట్టం ఉంది, గెలల ధర ప్రభుత్వం ప్రకటిస్తుంది. అమలు కోసం కొట్లాడుతూనే ఉన్నాం, కానీ కొట్లాడటానికి చేతిలో ఒక కాగితం ఉంది. వైన్ ద్రాక్షకు అదీ లేదు.

డబ్బు లేదనే మాట చెల్లదు. 2023లో తెలంగాణలో 2,620 మద్యం దుకాణాల కోసం దరఖాస్తుకు 2 లక్షల చొప్పున, తిరిగి ఇవ్వని రుసుముగా, రెండున్నర వేల కోట్లకు పైనే వసూలైంది. అందులో పిసరంత చాలు.

తాగుడు పెంచమని ఎవరూ అడగడం లేదు. 1992లో దూబగుంట అక్కలు సారా మీద కొట్లాడిన సంగతి మనకు తెలుసు. వైనరీలు పెట్టాలా వద్దా అన్నది వేరే చర్చ. పెడితే మాత్రం రైతు మెడకు ఉరి కాకూడదు. కాబట్టి మన డిమాండ్లు ఇవి:

1. మొక్క నాటకముందే తెలుగులో రాతపూర్వక ఒప్పందం, ఉద్యాన అధికారి సాక్షిగా, కనీసం పదేళ్లకు.

2. ప్రభుత్వం ప్రకటించిన కనీస ధర. తీపి కొలత రైతు ముందే. చెప్పిన కోత తేదీ దాటిస్తే తగ్గిన బరువు వైనరీ ఖాతాలోనే.

3. 14 రోజుల్లో చెల్లింపు, ఆలస్యమైతే 15 శాతం వడ్డీ.

4. వైనరీ మూతపడితే రైతును ఆదుకోవడానికి మద్యం రాబడి నుంచి ఒక నిధి.

మీ ఊరికి కూడా ఆ నవ్వు మొహంతో ఎవరైనా వస్తే చాయ్ పోయండి, కాగితం ముందు పెట్టండి. సంతకం పెడితే కడీలు పాతుదాం. పెట్టకపోతే ఆ చేనులో కందులు చల్లుకుందాం. మన కందులు మనమైనా తింటాం.