మెంబ్రేన్‌కు ముందు ఏముంది?

పూర్వ విద్యార్థులు కలిసిన ప్రతిసారీ "హాస్టల్‌కు ఏమిద్దాం?" అనే మాట వస్తుంది. ఒకప్పుడు ఫ్యాన్లు, బీరువాలు. ఇప్పుడు ఆర్.ఓ. ప్లాంటు. ఇచ్చేవాళ్ళ మనసును మేము తప్పుపట్టడం లేదు, ఉప్పు నీళ్ళు తాగి చదివినవాళ్ళమే మనమంతా. కానీ ఏడాది తిరక్కుండానే ప్లాంటు మూలపడి, తమ్ముళ్ళు మళ్ళీ బోరు దగ్గర బాటిళ్ళు పట్టుకుంటుంటే "మెషిన్ మంచిది కాదు" అనేస్తున్నాం. చాలాసార్లు చెడేది మెషిన్ కాదు, దానికి ముందు జరగాల్సిన శుద్ధి.

మేము నీళ్ళ కెమిస్ట్రీ చదువుతున్నామంటే మా ఇళ్ళల్లో "నీళ్ళకు చదువేందిరా?" అన్నారు. డిగ్రీ అన్నది మాతోనే మొదలైన ఇళ్ళు అవి. కానీ బురద నీళ్ళలో ఇండుపగింజ అరగదీసి తేర్చుకున్న నాయనమ్మలకు ఈ సంగతి సగం తెలిసే ఉంటుంది: ముందు తేర్చాలి, తర్వాతే వడగట్టాలి.

మెంబ్రేన్ నీళ్ళలో కరిగిన ఉప్పును ఆపడానికి పుట్టింది, బురదను ఆపడానికి కాదు. అందుకే దాని ముందు ఇసుక ఫిల్టరు, కార్బన్ ఫిల్టరు, ఆ తర్వాత 5 మైక్రాన్ల కాట్రిడ్జ్ ఉంటాయి. కాలువ నీళ్ళయితే బురద, నాచు; బోరు నీళ్ళయితే ఇనుము, సున్నం. ఊరిని బట్టి నీళ్ళు, నీళ్ళను బట్టి ముందు శుద్ధి. నీళ్ళు పరీక్ష చేయించకుండా ప్లాంటు ఆర్డరివ్వడమంటే కొలత తీసుకోకుండా చొక్కా కుట్టించడమే.

సున్నం లెక్క చూడండి. 100 లీటర్లు పంపితే 50 లీటర్లు మంచినీళ్ళుగా బయటికొచ్చాయనుకుందాం. ఉప్పంతా దాదాపుగా మిగిలిన 50 లీటర్లలోనే ఉండిపోతుంది, అంటే రెండింతల చిక్కన. అక్కడ సున్నం కరిగి ఉండలేక పొరమీద గట్టిగా పేరుకుంటుంది. దాన్ని ఆపడానికే యాంటీస్కేలెంట్ మందు చుక్కలుగా కలుపుతారు. ఆ మందు డబ్బా ఖాళీ అయితే నింపడానికి మాత్రం డబ్బులుండవు! ఏనుగును కొని అంకుశం దగ్గర బేరమాడినట్టుంది.

ఇక బ్లీచింగ్. కామాటి అన్న ట్యాంకు కడిగి మన మంచికే బ్లీచింగ్ పౌడరు వేస్తాడు. క్రిములను చంపే ఆ క్లోరినే మెంబ్రేన్ మీది పాలీఅమైడ్ పొరను తినేస్తుంది. దాన్ని అడ్డుకోవాల్సింది కార్బన్ ఫిల్టరు. అందులో బొగ్గు పనైపోయినా బయటికి తెలియదు. నీళ్ళు వస్తూనే ఉంటాయి, ఇంకా జోరుగా కూడా వస్తాయి. వాటితోపాటే ఉప్పు, ఫ్లోరైడ్. మూసుకుపోయిన మెంబ్రేన్ కన్నా ఇది ప్రమాదం. మూసుకుపోతే కనీసం తెలుస్తుంది. తాగునీటి ప్రమాణం ఐ.ఎస్. 10500 ప్రకారం ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదు, వేరే నీళ్ళు దొరకని చోట 1.5 వరకే. నాలుక మీద అది తెలియదు కదా!

"అయితే పిల్లలతో ఫిల్టర్లు కడిగించమంటారా?" అని ఒక సీనియర్ అన్న అడిగారు. ముమ్మాటికీ కాదు. ఫిల్టరు కడగడం జీతమిచ్చి చేయించాల్సిన పని. ఇసుక ఫిల్టరుకు ముందూ వెనకా ఉన్న ప్రెషర్ గేజీలు చదివి నోటుబుక్కులో రాయడం మాత్రం తొమ్మిదో తరగతి తమ్ముడికి చేతనవుతుంది. రెండింటి మధ్య తేడా పెరిగితే బ్యాక్‌వాష్ చేయించమని వార్డెన్ సార్‌కు చెప్పొచ్చు.

అందుకే ఈసారి చందాల్లో సగం మెషిన్‌కు, సగం నీటి పరీక్షకు, కాట్రిడ్జ్‌లకు, బొగ్గుకు, మందుకు విడిగా బ్యాంకులో వేయాలని మా ప్రతిపాదన. దానికి రాతిపలక ఉండదు, ఫోటో కూడా రాదు. మెషిన్ చిన్నదైనా ఫర్వాలేదు.

స్టోర్‌రూమ్ వెనక పడేసిన పాత మెంబ్రేన్లను పాతసామాను వాడికి అమ్మకముందే కోయించి చూద్దాం. మొదటిదాంట్లో బురద, జిగురు కనిపిస్తే ముందు ఫిల్టర్లను అనుమానించాలి. చివరిదాంట్లో తెల్లటి పొడి ఉంటే దానిమీద ల్యాబులోని ఆమ్లం ఒక చుక్క వేయాలి. పొంగితే సున్నమే.