పనిముట్ల ముచ్చట: జేబుచాకు

గత సంచికలో కొలత టేపులను గురించి వ్రాసిన పిమ్మట మాకు రెండు ప్రశ్నలు అందినవి. మొదటిది, సుక్మా వైపు సర్వే పనికి వెళ్ళబోతున్న ఒక యువ ఇంజనీరుది: "నిత్యం వెంట ఉంచుకొనుటకు ఏ చాకు కొనమంటారు?" రెండవది, మన కాలనీలోని ఒక సోదరీమణిది: "మావారి మిత్రుని పదవీ విరమణకు చాకు బహుమతిగా ఇవ్వవచ్చునా? కత్తి ఇస్తే స్నేహం తెగుతుందంటారే!" ఈ రెండింటికీ సమాధానం మాకు ఒకే మనిషి వద్ద దొరికినది. కనుక ముందుగా ఆయన సంగతి చెప్పెదము.

సుమారు పదేళ్ళ క్రిందట మా విభాగంలో సహాయకునిగా పనిచేసిన ఒక పెద్దాయన విరమణ పొందినారు. శబరి ఒడ్డున, కోంటా వైపు పల్లెకు చెందిన దోర్లా కుటుంబీకులు. ఇంట దోర్లీ, సంతలో హల్బీ, మాతో తెలుగు మాట్లాడేవారు. మేమందరమూ చందాలు వేసుకొని, డజను పరికరాలు ముడుచుకొని ఉండే ఎర్రని విదేశీ చాకు ఒకటి తెప్పించినాము. వేదికపై అందించబోగా ఆయన చేయి చాపలేదు. బల్ల మీద పెట్టమని సైగ చేసినారు. మాకు కొంచెము చిన్నతనమనిపించినది. ఉప్పు, కారము, కత్తి చేతి నుండి చేతికి ఇవ్వరాదన్న మాట మన ఇళ్ళలోనూ ఉన్నదే కదా అని ఒక మిత్రుడు గుర్తుచేసిన తరువాత గాని మాకు తట్టలేదు. బల్ల మీద నుండి ఆయన తానే తీసుకొని కళ్ళకద్దుకొన్నారు.

రెండేళ్ళ తరువాత భద్రాచలం వెళుతూ ఆయన ఊరిలో ఆగినాము. మా చాకు ట్రంకుపెట్టెలో, వచ్చిన డబ్బాలోనే భద్రముగా ఉన్నది. మొలలో మాత్రం పాత కత్తే! వాడుట లేదేమని అడిగితే నవ్వి, "సొమ్ము మంచిదే సారూ. పదును పోతే ఎవరి కాడికి తీసకపోయేది?" అన్నారు. ఆ తరువాత వాకిట నున్న రాతి మీద నాలుగు చుక్కల నీళ్ళు చల్లి, తన కత్తిని పదిసార్లు అటూ ఇటూ నూరి, ఒక పచ్చి వెదురు కొమ్మను ఒక్క దెబ్బకు ఏటవాలుగా నరికి చూపినారు. పట్టా పుచ్చుకొని ముప్పయి ఏళ్ళు ఇనుముతో గడిపిన మాకు, చాకు కొనేటప్పుడు మొట్టమొదట అడగవలసిన ప్రశ్న ఏదో ఆనాటికి తెలిసినది.

ఆ విదేశీ చాకును తప్పుపట్టుట మా ఉద్దేశము కాదు. స్విట్జర్లాండులో కార్ల్ ఎల్సెనర్ 1884లో కార్ఖానా తెరచి, 1891లో సైనికులకు చాకులు సరఫరా చేసినారు. 1897లో ఆఫీసర్ల చాకుకు హక్కులు పొందినారు. ఆయన తల్లి విక్టోరియా పేరుకు, తుప్పు పట్టని ఉక్కును సూచించే 'ఇనాక్స్' అనే మాటను జోడించగా, 1921లో విక్టోరినాక్స్ అన్న పేరు వచ్చినది. మంచి వస్తువే. కాని తుప్పు పట్టని ఉక్కులో క్రోమియం పాలు హెచ్చు. ఏటి ఒడ్డు రాతి మీద అది ఓ పట్టాన అరగదు, జారుతుంది. దానికి తగిన సానరాయి కావాలి, కొంత ఓపికా కావాలి. పట్నవాసికి ఇది సమస్య కాదు. పైగా చింతకాయ, మామిడికాయ, నిమ్మకాయ కోసి తుడవడం మరచిపోయేవారికి అదే మేలు. మామూలు కార్బను ఉక్కు వాటి పులుపుకు నల్లబడుతుంది, బస్తరు వానాకాలంలో రెండు రోజులు మరచితే తుప్పు పూస్తుంది. అయితే ఆముదము చుక్క వేసి గుడ్డతో తుడిచే అలవాటుంటే తరము గడుస్తుంది.

సుక్మా సంతలో కమ్మరులు కొడవళ్ళు, గొడ్డళ్ళు, చాకులు పరచుకొని కూర్చుంటారు. వారి సరుకులో చాలా భాగము లారీ కమాను పట్టీల నుండి వచ్చినదే. బైలడిలా కొండలలో 1968 నుండి ఖనిజము తవ్వి దేశదేశాలకు పంపుతున్నాము, కమ్మరి మాత్రము విరిగిన కమాను కోసము మెకానిక్కు షెడ్ల వెంట తిరుగుతాడు! అందులో తెలివి ఉన్నది. కమాను ఉక్కులో కార్బను నూటికి అర పాలుకు పైచిలుకు ఉంటుంది. పదును నిలుపుటకు అది చాలును. బాగా వంగి మరల లేచుటకే పుట్టిన ఉక్కు గనుక విరుగుట అరుదు. మేము చూచిన కమ్మరి అలుగునంతటినీ ఎర్రగా కాల్చి, వాదర వైపు మాత్రమే నీటిలో ముంచినాడు. వెన్ను మెత్తగా మిగిలినది. తరువాత రాతితో రుద్ది, మరల సెగ చూపి, లేత గడ్డిరంగు పరుగెత్తుకొని రాగానే ఆపినాడు. ఆ రంగుకు మా పుస్తకాలలో 220, 230 డిగ్రీలని వ్రాసి ఉంటుంది. అతని వద్ద ఉష్ణమాపకము లేదు, రంగు చూచే కన్ను ఉన్నది. పదును వాదరకు, ఓర్పు వెన్నుకు దక్కవలెనన్న సూత్రము మాత్రము ఇద్దరిదీ ఒకటే.

అట్టి కత్తిని ఎన్నునప్పుడు గోటితో మీటి వినండి. పగులు ఉంటే మోత చచ్చి వినిపిస్తుంది. వెన్ను వైపు నుండి కన్నానించి అలుగు వంకర చూడండి. పిడిలోనికి ఇనుము ఎంత దూరము పోయినదో అడగండి. సగము కూడా పోకపోతే వదలివేయండి.

ఇక మడతచాకు. ఉద్యోగములో చేరిన కొత్తలో మేము సంతలో చవకగా ఒకటి కొన్నాము. గ్రీజు డబ్బా మూత దాని మొనతో ఎత్తబోగా అలుగు ముడుచుకొని మా చూపుడువ్రేలి మీద పడినది. నాలుగు కుట్లు. ఆ వ్రేలు నేటికీ పూర్తిగా వంగదు. తప్పు చాకుది సగము, మాది సగము: చాకుతో మూతలు ఎత్తరాదు. చాలా మడతచాకులలో అలుగును ఆపేది వెన్నుపట్టీ బిగువు ఒక్కటే, తాళము ఉండదు. పొలములో, సర్వేలో వాడువారు తాళమున్నదే కొనవలెను. ఫ్రాన్సులో 1890లో పుట్టిన ఒపినెల్ చాకుకు 1955లో ఒక తిరిగే ఉంగరము అమర్చినారు. అలుగు తెరచి ఉంగరము త్రిప్పితే ముడుచుకోదు. అంతకంటె సరళమైన తాళము మేము చూడలేదు.

పరిమాణము విషయంలో యువ మిత్రునికి గట్టిగా చెప్పదలచినాము. మూడంగుళాల అలుగు చాలును. సుక్మా 2012లో జిల్లా అయినది. అంతకు ముందు, 2010 ఏప్రిల్ 6న, తాడిమెట్ల వద్ద 76 మంది భద్రతా సిబ్బంది ప్రాణాలు కోల్పోయినారు. ఇటువంటి దారిలో తనిఖీ చేసే జవాను మీ జేబులోనిది పనిముట్టో ఆయుధమో ఒక్క క్షణములో తేల్చుకోవలెను. అతనికి ఆ శ్రమ తగ్గించుట మన బాధ్యత. ఆయుధ నియమాలు తొమ్మిదంగుళాల పొడవు లేదా రెండంగుళాల వెడల్పు దాటిన కత్తులను ఆయుధాల పట్టికలో చేర్చినవి. ఇంటి, వ్యవసాయ, శాస్త్ర, పరిశ్రమ అవసరాలకు చేసినవి మినహాయింపు. మీట నొక్కితే ఎగిరి తెరచుకొను చాకు జోలికి అసలు పోవద్దు. ఢిల్లీలో అట్టివాటిపై 1980 నాటి ప్రకటన 7.62 సెంటీమీటర్ల అలుగుకే అడ్డు చెప్పినది. విమానంలో చేతిసంచిలో ఏ చాకూ పనికిరాదు, సామానులో వేయవలెను.

నూరుటకు కోణము ఎంతని అడుగుతారు. కాగితము మూలను ఒకసారి మడిస్తే 45, మరల మడిస్తే ఇరవై రెండున్నర డిగ్రీలు. ఆ మడతను రాతి ప్రక్కన నిలిపి, అలుగును దానికి ఆనించి చూచుకొని, అదే వాలున నూరండి. పిల్లలకు జ్యామితి చెప్పుటకు కూడా పనికివచ్చును.

సోదరీమణికి మా మనవి: తప్పక ఇవ్వండి, బల్ల మీద పెట్టి ఇవ్వండి. కొన్ని దేశాలలో పుచ్చుకొన్నవారు ఒక నాణెము తిరిగి ఇచ్చి, కొన్నట్లు లెక్క చూపుతారు. ఒక రూపాయి అడిగి పుచ్చుకొన్నా మిత్రులు నవ్వుకొందురు. అయితే చాకుతోపాటు సానరాయి కూడా ఇవ్వండి. మొన్న మా విభాగములో మరొకరు విరమించినపుడు మేము సుక్మా కమ్మరితోనే చేయించినాము. ముందుగా ఆ మిత్రుని అరచేతి వెడల్పు దారముతో కొలచుకొని వెళ్ళినాము, పిడి దానికి సరిపడా చేయుటకు. ఒక సంతనాడు చెప్పితే మరుసటి సంతకు సిద్ధము.

మొదటి పెద్దాయన ఇంట ఆ ఎర్రచాకు ఇప్పుడు ట్రంకుపెట్టెలో లేదట. దానిలోని చిన్న కత్తెర కోసము మనుమరాలు దానిని తన కుట్టుపెట్టెలో వేసుకొన్నదట.