‘గ్రాడ్యుయేట్’ అన్న మాట మీద నా గొడవ



పోయిన ఆదివారం కొవ్వూరులో మన డిగ్రీ పిల్లలకి చిన్న సన్మానం పెట్టుకున్నాం. శాలువాలు, ఫొటోలు, పులిహోర, అన్నీ బాగున్నాయి. ఫ్లెక్సీ మీద మాత్రం "చదువు పూర్తి చేసుకున్న మన గ్రాడ్యుయేట్లకు అభినందనలు" అని వేయించారు. ఆ "పూర్తి" తీసేయండ్రా అని అక్కడే అన్నాను. నవ్వారు. "గ్రాడ్యుయేషన్ అంటే పూర్తవడమే కదన్నా" అన్నాడో తమ్ముడు. పండగ పూట గొడవెందుకని ఊరుకున్నాను. ఇవాళ రాస్తున్నాను. కాస్త పొడుగే, ఓపిగ్గా చదవండి.

ఆ మాట లాటిన్‌ది. గ్రాదుస్ అంటే అడుగు, మెట్టు. పాతకాలం యూరప్ యూనివర్సిటీల్లో ఒక మెట్టు ఎక్కినవాణ్ని ఆ మాటతో పిలిచారు, అదే ఇంగ్లీషులోకి వచ్చి గ్రాడ్యుయేట్ అయింది. డిగ్రీ అన్న మాటదీ అదే వేరు, కాకపోతే ఫ్రెంచి మీదుగా తిరిగొచ్చింది. అంటే "డిగ్రీ పాసై గ్రాడ్యుయేట్‌నయ్యాను" అంటే మెట్టెక్కి మెట్టెక్కినవాణ్నయ్యాను అన్నట్టు. ముగింపు అన్న అర్థం ఆ వేరులో ఎక్కడా లేదు. ఇంటర్ సైన్సు చదివినవాళ్లకి ల్యాబులో కొలజాడీ గుర్తుండాలి. దాని ఇంగ్లీషు పేరు గ్రాడ్యుయేటెడ్ సిలిండర్. ఒంటినిండా గీతలుంటాయి కాబట్టి ఆ పేరు. నీళ్లు ఒక గీత దాకా వస్తే జాడీ నిండిందని ఎవరంటారు?

ఇంకోటి. ఆ యూనివర్సిటీల్లో బ్యాచిలర్ అంటే కింది మెట్టు. దాని పైన మాస్టర్, డాక్టర్. మన బీఏ, బీకాం, బీఎస్సీల్లో ఉన్న "బీ" ఆ కింది మెట్టే. గోష్పాద రేవులో నీళ్లలోంచి పైకొచ్చి మొదటి మెట్టు మీద నిలబడి, ఊళ్లోకి వచ్చేశాం అనుకుంటామా? మనం మాత్రం మొదటి మెట్టు మీదే శాలువా కప్పి ఇంటికి పంపేస్తున్నాం.

ఒక మాట కోసం ఇంత రాద్ధాంతమా అని కొందరు అంటారు. అంటారనే రాస్తున్నాను. ఆ మాట ఫ్లెక్సీ మీద ఆగదు, ఇంటికెళ్తుంది. మన ఇళ్లల్లో డిగ్రీ దాకా వచ్చిన మొదటి మనిషి మనమే. తర్వాత ఏముందో అమ్మానాన్నలకి తెలియదు, మనం చెప్పిందే వాళ్లకి తెలిసింది. మనం "పూర్తయింది" అంటే వాళ్లకి "అయిపోయింది" అని వినపడుతుంది. ఆడపిల్లైతే సంబంధాలు మొదలు. నా సంగతే చెప్తాను. ఆఖరి పరీక్ష రాసి వెళ్తే మా నాన్న "అయిపోయినట్టేనా?" అన్నాడు. అవునన్నాను. రెండేళ్లు రాజమండ్రిలో బట్టల షాపులో చీరలు మడతపెట్టాక గానీ బీఈడీకి దరఖాస్తు పెట్టాలన్న బుద్ధి పుట్టలేదు. మా నాన్న తప్పేం లేదు. నేనే తప్పు మాట చెప్పాను.

ఆ రెండేళ్ల ఖరీదు ఇప్పుడు ఇంకా ఎక్కువ. ఏజెన్సీ బడుల్లో టీచరు పోస్టులు నూటికి నూరూ మనవాళ్లకే అని 2000లో వచ్చిన జీవో 3ని 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కొట్టేసింది. డిగ్రీ తర్వాతి మెట్టు అంత ఎత్తుకి పోయాక, ఇక్కడే కూర్చోండి అని మన పిల్లలకి మనమే చెప్పడం ఏమిటి?

"పాస్డ్ అవుట్" కూడా ఇలాంటిదే. మిలిటరీ అకాడమీ నుంచి బయటికొచ్చేవాళ్ల పరేడ్ కోసం వాడిన మాట. బయట దేశాల్లో పాస్డ్ అవుట్ అంటే స్పృహ తప్పి పడిపోయాడని. మన బయోడేటాల్లో అందరం ఏదో ఒక సంవత్సరంలో స్పృహ తప్పినవాళ్లమే! సరే, అది నవ్వుకోడానికి. నవ్వు రాని మాట "డ్రాప్ అవుట్". పండుటాకు దానంతటదే రాలినట్టు. మా పెదనాన్న కూతురు పదో తరగతితో ఆగింది. జూనియర్ కాలేజీకి బస్సు లేదు, వానాకాలం వాగు దాటడం లేదు, హాస్టల్లో సీటు లేదు. రిజిస్టర్లో మాత్రం డ్రాప్ అవుట్ అని రాశారు. మెట్టు లేనిచోట ఆగిన పిల్లని జారిపడిందని రాస్తే ఎలా?

ఇక మన తెలుగు మాట, పట్టభద్రుడు. చేతికొచ్చే కాగితం పట్టా. మన పెద్దవాళ్లకి పట్టా అంటే పోడు భూమి కాగితం. 2006 అటవీ హక్కుల చట్టం వచ్చాక కూడా దానికోసం ఆఫీసుల చుట్టూ తిరిగినవాళ్లు మన ఊళ్లల్లో ఎంతమందో మీకు తెలుసు. కాగితం చేతికి రాకపోతే ఎన్నేళ్లు దున్నినా నీది కాదంటారు. డిగ్రీ పట్టాదీ అదే కథ. మా చిన్నాన్న కొడుకు 2021లోనే అన్ని పేపర్లూ పాసయ్యాడు. ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయి రాలేదు, నువ్వు కట్టి తీసుకెళ్లు అని కాలేజీవాళ్లు మార్కుల మెమోలు, ప్రొవిజినల్, టీసీ అన్నీ బీరువాలో పెట్టుకున్నారు. చేరేటప్పుడు ఇచ్చిన ఒరిజినల్స్ కాలేజీలు అట్టిపెట్టుకోకూడదని యూజీసీ 2018లోనే చెప్పింది. ఆ ముక్క బీరువాకి తెలియదు పాపం.

2025 ఫిబ్రవరి 27న మన ఉభయ గోదావరి పట్టభద్రుల ఎమ్మెల్సీ ఎన్నిక జరిగింది. రాజ్యాంగం 171వ అధికరణ ప్రకారం మండలిలో దాదాపు పన్నెండో వంతు సభ్యుల్ని డిగ్రీ వచ్చి మూడేళ్లయినవాళ్లు ఎన్నుకుంటారు. (చదువుకి వేరే ఓటు ఇచ్చిన ఇంగ్లాండు 1950లోనే ఆ యూనివర్సిటీ సీట్లు ఎత్తేసింది. మనం దాచుకున్నాం. అది వేరే గొడవ.) మావాడు ఓటు నమోదుకి వెళ్తే డిగ్రీ రుజువు చూపించమన్నారు. చూపించడానికి కాగితం లేదు. అన్నీ పాసయ్యాడు, లెక్కలో మాత్రం పట్టభద్రుడు కాదు. మనమేమో అదే పిల్లాడికి "చదువు పూర్తి" అని శాలువా కప్పాం. వాడికింకా ఆ మెట్టే చేతికి రాలేదు.

అందుకని అడిగేది ఇది. బకాయి పేరుతో కాగితాలు ఆగినవాళ్లు కాలేజీ పేరు ఇక్కడ పెట్టొద్దు, నాకు విడిగా మెసేజ్ చేయండి. ఏ కోర్సు, ఏ సంవత్సరం, ఎంత కట్టమంటున్నారు, ఏమేం ఆపారు, ఇంతే రాయండి. వచ్చే సోమవారం గ్రీవెన్స్‌లో అర్జీలన్నీ కలిపి కొవ్వూరు ఆర్డీవో ఆఫీసులో ఇద్దాం. ఎవరి అర్జీ వాళ్ల సంతకంతోనే ఉండాలి, రసీదు లేకుండా బయటికి రావద్దు. ఫ్లెక్సీ డబ్బుల్లో మిగిలింది ఎవరి దగ్గరుందో చెప్పండి, జిరాక్సులకి వాడదాం.