పందికి పోసిన సీసం మన పశువుకే తగులుతోంది

మొక్కజొన్న కంకి పాలు పోసుకునే వేళకి, వేరుశనగ ఊడలు దిగే వేళకి నల్లమల అంచు పల్లెల్లో రైతుకి నిద్ర కరువవుతుంది. గిద్దలూరు, అర్ధవీడు, యర్రగొండపాలెం వైపు వెళ్లి ఏ రైతునడిగినా ఇదే మాట. అడవి పంది ఒక్కటి రాదు, మందగా వస్తుంది. అది తిన్నదానికన్నా తొక్కిందీ, మోరతో పెళ్లగించిందీ ఎక్కువ. తెల్లారి వెళ్లి చూస్తే అరెకరం నేలమట్టం. చుట్టూ చీరలు కడితే నాలుగు రోజులు జంకుతుంది, అయిదో రోజు ఆ చీర కిందనుంచే దూరుతుంది. ఇదంతా మీకు నేను చెప్పాల్సిన పని లేదు, మీరు పడుతున్నదే.

నేను చెప్పదలచింది ఇంకొకటి. ఈ బాధ పడలేక కొందరు నాటు తుపాకి పట్టుకుంటున్నారు. తుపాకి గురించి పోలీసులు మాట్లాడతారు. పంది గురించి ఫారెస్టు వాళ్లు మాట్లాడతారు. తుపాకిలో వేసే సీసం గుండు గురించి మాత్రం ఎవ్వరూ నోరు విప్పరు. ఆ గుండు ఎక్కడ తయారవుతోంది? మన ఇంట్లో, మన పొయ్యి మీద. నా మట్టుకు నాకు తుపాకి కన్నా ఆ పొయ్యి అంటేనే ఎక్కువ భయం.

సీసం తేలిగ్గా కరిగే లోహం. ఇనుము కరగాలంటే 1,500 డిగ్రీలు దాటాలి. సీసానికి 327 డిగ్రీలు చాలు, కట్టెల మంట మీదే కరిగిపోతుంది. అందుకే కొలిమి లేనివాడు కూడా ఈ పనికి దిగుతున్నాడు. సీసం ఎక్కడిదంటే పాత ట్రాక్టరు బ్యాటరీ, లారీ బ్యాటరీ, లేదంటే చేపల వలకి కట్టే గుండ్లు. గిన్నె ఏదంటే ఇంట్లో చిల్లు పడబోతున్న పాత మూకుడు. పని అయ్యాక ఆ మూకుడు కడిగి పశువుల కుడితికి పెట్టే ఇళ్లూ ఉన్నాయి.

సీసం కరిగేటప్పుడు పైన బూడిదరంగు తెట్టు కడుతుంది. దాన్ని గరిటెతో తీసి పక్కన పారేస్తారు. అసలు కథ ఆ తెట్టులోనే ఉంది. అది గాలి తగిలి మారిన సీసమే. ఆరితే పొడి అవుతుంది. చేతికి అంటుతుంది, పంచెకి అంటుతుంది, వాకిట్లో పడుతుంది. పసిబిడ్డ అదే వాకిట్లో పాకి, అదే చెయ్యి నోట్లో పెట్టుకుంటుంది. సీసం మరీ వేడెక్కితే ఆవిరి కూడా లేస్తుంది, అది కంటికి ఆనదు. బ్యాటరీ ప్లేటు అయితే మరీ అన్యాయం. అందులో ఉత్త సీసమే ఉండదు, యాసిడ్ ఉంటుంది, ఆంటిమొని ఉంటుంది, కొన్నిటిలో ఆర్సెనిక్ కూడా ఉంటుంది. ఇక కరిగిన సీసంలో ఒక్క నీటిచుక్క పడిందా, అది చిటికెలో ఆవిరై సీసాన్ని మొహం మీదికి చిమ్ముతుంది. కన్ను పోవడానికి తుపాకి పేలాల్సిన అవసరం లేదు.

"మా నాయన పోసినాడు, నేనూ పోసినా. ఏమైంది నాయనా?" అని ఒక పెద్దాయన నన్ను అడిగాడు. ఏమీ కాలేదని ఆయన అనుకుంటున్నాడు. సీసంతో వచ్చిన చిక్కే అది. తేలు కుట్టినట్టు వెంటనే తెలియదు. ఒంట్లో చేరి ఎముకల్లో దాక్కుంటుంది, ఏళ్ల తరబడి అక్కడే ఉంటుంది. ఆడమనిషి కడుపుతో ఉన్నప్పుడు ఆ ఎముకల్లోంచి మళ్లీ రక్తంలోకి దిగి కడుపులో బిడ్డకి చేరుతుంది. నోట్లో పడిన సీసాన్ని పెద్దవాళ్ల కన్నా పసిపిల్లల ఒళ్లు నాలుగైదు రెట్లు ఎక్కువ పీల్చుకుంటుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఇంత వరకైతే ఫర్వాలేదు అనే హద్దు సీసానికి లేదని కూడా ఆ సంస్థే చెప్పింది. పిల్లవాడికి ఊరికే కడుపునొప్పి, రక్తం తక్కువ, చదువు తలకెక్కదు. మనం దిష్టి తీస్తాం, నులిపురుగుల మందు వేస్తాం. రక్తంలో సీసం ఎంతుందో పరీక్ష చేయించాలని ఎవరికి తడుతుంది?

ఇదేమీ కొత్త సంగతి కాదు. 2000 సంవత్సరంలో దేశమంతా పెట్రోలులోంచి సీసం తీసేశారు. ఇంటికి వేసే రంగుల్లో పది లక్షల పాళ్లకి 90 పాళ్లు మించకూడదని 2016లో నియమం పెట్టారు. పట్నంలో గోడ రంగుకి ఇంత జాగ్రత్త. పల్లెలో పొయ్యి మీద కిలోల లెక్కన కాగుతున్న సీసాన్ని అడిగే నాథుడు లేడు.

పశువు సంగతి చూడండి

పగలగొట్టిన బ్యాటరీ పెంకులు, తెట్టు, పొయ్యి బూడిద చివరికి పోయేది పెంటదిబ్బ మీదికే. పశువుకి నాకే గుణం ఉంది. ఒంట్లో లవణాలు తక్కువైన పశువు మరీ నాకుతుంది. పశువులకి సీసం విషం ఎక్కే దారుల్లో పారేసిన బ్యాటరీలదే పెద్దపీట అని ఏ పశువైద్యుణ్ణి అడిగినా చెబుతారు. మింగిన సీసం ముక్క పేడలో పోదు. తేనెపట్టు లాంటి గదులుండే రెండో పొట్టలో అడుగున కూర్చుని కొద్దికొద్దిగా కరుగుతూ ఉంటుంది.

గుర్తులు ఇవి. నిన్నటిదాకా బాగున్న పశువు ఉన్నట్టుండి చూపు కానక గోడకి గుద్దుకుంటుంది. పళ్లు కొరుకుతుంది, నోట నురగ కారుతుంది, చెవులు, కనురెప్పలు అదురుతాయి. తల గోడకో గుంజకో ఆనించి నెడుతూ నిలబడుతుంది. దూడలైతే ఒకటి రెండు రోజుల్లోనే పోవచ్చు. మనవాళ్లు పాము ముట్టిందంటారు, పిచ్చికుక్క కరిచిందంటారు. పిచ్చి లేచిందన్న అనుమానం ఉంటే నోట్లో చెయ్యి పెట్టవద్దు, అది వేరే ప్రమాదం. డాక్టరు రాగానే ఇంట్లో బ్యాటరీ పగలగొట్టిన మాట, సీసం కరిగించిన మాట దాచకుండా చెప్పండి. కేసు అవుతుందేమోనని చాలామంది ఆ ఒక్క మాటే మింగేస్తారు. ముందుగా తెలిస్తే కాల్షియం ఈడీటీఏ, బి1 విటమిన్ ఇంజెక్షన్లతో కొన్నైనా దక్కుతాయి. చెప్పకపోతే పాడిగేదె పోతుంది, పోయేదాకా పితికిన పాలు మన పిల్లలే తాగి ఉంటారు.

ఇక గుండు తుపాకికి సరిపోయే సంగతి. సీసం గుండుకి పెద్ద చరిత్రే ఉంది. 1857 తిరుగుబాటు నాటి ఎన్‌ఫీల్డ్ రైఫిలులో వాడింది మెత్తటి సీసం గుండే. మందు అంటుకోగానే దాని అడుగుభాగం ఉబ్బి గొట్టంలోని గాళ్లకి బిగుసుకునేట్టు కొలిచి చేశారు. తర్వాత వచ్చిన త్రీనాట్‌త్రీ రైఫిళ్ల వేగానికి వట్టి సీసం ఆగక, పైన గట్టి లోహపు తొడుగు వేశారు. అమెరికా లాంటి దేశాల్లో సైన్యం వదిలేసిన పాత రైఫిళ్లకి ఇప్పటికీ సొంతంగా సీసం గుండ్లు పోసుకునే సరదారాయుళ్లు ఉన్నారు. వాళ్లు ప్రతి తుపాకి గొట్టాన్ని విడిగా కొలుస్తారు. అక్కడ అది చట్టం ఒప్పిన పని. అయినా గాలాడే చోటే కరిగించమని, రక్తపరీక్ష చేయించుకోమని వాళ్ల పుస్తకాలే హెచ్చరిస్తాయి.

మన నాటు తుపాకికి ఈ కొలతలన్నీ ఎక్కడివి? గొట్టం ఏ పైపుదో తెలియదు, లోపల ఎంత తుప్పుందో తెలియదు. గుండు వదులైతే గురి ఉండదు. బిగుతైతే గొట్టమే చీలి పేల్చినవాడి వేళ్లు తీసుకుపోతుంది. దెబ్బ తగిలిన పంది అడవిలోకి పోయి చస్తుంది. ఆ మాంసంలో సీసం తునకలు గాయం దగ్గరే ఉండవు, కంటికి కనపడనంత చిన్నవై చుట్టూ చెదురుతాయి. జపాన్‌లోని హొక్కయిడోలో సీసం తూటాలతో చచ్చిన జింకల్ని తిని గద్దలు చనిపోతుంటే 2000లో అక్కడ జింకల వేటకి సీసం రైఫిలు తూటాలు నిషేధించారు. కాలిఫోర్నియాలో రాబందుల జాతి కోసం 2019 నుంచి వేటకి సీసం మొత్తంగా ఆపేశారు. గద్ద కడుపులోకి పోయిన సీసం మనిషి కడుపులో ఊరుకుంటుందా?

చట్టం ఏమంటోంది

1959 నాటి ఆయుధాల చట్టంలోనే పైరు కాపలాకి, నోటి నుంచి మందు కూరే తుపాకికి లైసెన్సు ఇవ్వొచ్చని రాసి ఉంది. రాసి ఉండటం వేరు, చేతికి రావడం వేరు. లైసెన్సు లేకుండా తుపాకి దొరికితే 2019 సవరణ తర్వాత కనీసం రెండేళ్లు, అయిదేళ్ల దాకా జైలు. లైసెన్సు ఉన్నా పందిని కొట్టడానికి అటవీశాఖ అనుమతి వేరే కావాలి. 2023 ఏప్రిల్ నుంచి అమల్లోకొచ్చిన వన్యప్రాణి చట్టం సవరణలో అడవి పంది రెండో షెడ్యూలులో ఉంది. పంట పోయిన రైతుని నేరస్థుడిగా నిలబెట్టడం నాకు నచ్చదు. పక్కా దొంగకీ, పొలం పోతుంటే చూడలేక గుండు పోసుకున్నవాడికీ ఒకే బోను అంటే న్యాయం కాదు. కానీ తుపాకి ఇస్తే పంది పోతుందన్న మాటా నేను ఒప్పుకోను. కర్ణాటకలోని కొడగులో కొడవలకి తుపాకి లైసెన్సు అక్కర్లేదు, ఆ మినహాయింపుని 2029 దాకా పొడిగించారు కూడా. అక్కడి వరి మళ్లలో పందులు పడటం మాత్రం ఆగలేదు.

కావలసింది కంచె. ఒక్కడు వేసుకుంటే పంది పక్క పొలానికి పోతుంది, కనుక అడవి అంచు పొడుగునా ఊరంతటికీ కలిపి వేసే సోలారు కంచె కావాలి. దానికి సబ్సిడీ రావాలి. సోలారు కంచె అంటే సోలారు కంచే, మోటారు లైనుకి తీగ తగిలించి మనుషుల్ని చంపే యమపాశం కాదు. నష్టపరిహారం పంట కాలం దాటకముందే చేతిలో పడాలి. అనుమతితో కాల్చే వేటగాళ్లని సర్కారు పంపితే వాళ్ల తూటాలు కూడా సీసం లేనివై ఉండాలని మనమే అడగాలి. ఇంతలోగా చేతిలో ఉన్న పని, హైదరాబాదు రాజేంద్రనగర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం వాళ్లు పరీక్షించి చెప్పిన చుట్టుపంటలు. వేరుశనగ చుట్టూ కొన్ని వరుసలు కుసుమ, మొక్కజొన్న చుట్టూ ఆముదం. వాసన తేడాకి, ముల్లుకి పంది వెనకాడుతుంది. నూటికి నూరు ఆగుతుందని నేను చెప్పను, చీరల కన్నా నయం.

పాత బ్యాటరీ ఇంట్లో ఉంచుకోకండి. కొత్తది కొనేటప్పుడు పాతది తిరిగిస్తే షాపులో ధర తగ్గిస్తారు. 2022 నియమాల ప్రకారం పాతవాటిని వెనక్కి తీసుకునే ఏర్పాటు చేయాల్సిన పూచీ కంపెనీలదే. ఇప్పటికే సీసం కరిగించిన మూకుడు ఉంటే దాన్ని కుడితికి గానీ కోళ్ల నీళ్లకి గానీ వాడొద్దు. ఆ పొయ్యి బూడిద పొడిగా ఊడ్వకండి, నీళ్లు చల్లి తడిపి ఎత్తండి. పొలంలో మాత్రం చల్లకండి. సీసం వానకి కొట్టుకుపోయేది కాదు, పైమట్టిలోనే తరాల తరబడి ఉంటుంది.