పేరు పోచంపల్లిది, నేత యెవరిది?

మా మిత్రులొకరు కుమార్తె సీమంతమునకై పోచంపల్లి పట్టుచీర నొకదానిని ఫోనులోని యంగడిలో కొనిరి. బొమ్మ ముచ్చటగా నుండెను. వెల పదునెనిమిది వందలు. నాలుగవ దినమున పొట్లము వచ్చెను. విప్పి చూడగా పట్టును లేదు, పోచంపల్లియు లేదు. నున్నని పాలిస్టరు గుడ్డపై నచ్చొత్తిన రంగులు మాత్రమున్నవి. ఇట్టి యనుభవము మా పాఠకులలో పలువురకు కలిగియే యుండును. మోసపోతిమని చెప్పుకొనుటకు సిగ్గుపడి యూరకుందురు.

దుకాణదారుని ముఖమెరిగి, బట్టను వ్రేళ్లతో నలిపి, అంచు త్రిప్పి చూచి కొనుట మన వాడుక. ఫోనులో వ్రేలికి తగులునది గాజు మాత్రమే. కావున నచట చూడవలసినది బొమ్మ కాదు, అమ్మువాని పేరు. అంగడి నడుపువాడు వేరు, అందు సరకు పెట్టినవాడు వేరు. సరకు నకిలీయని తేలినచో, తాను సంత నడుపువాడను మాత్రమేనని మొదటివాడు తప్పుకొన జూచును. అమ్మకందారుని పేరును, చిరునామాను కొనువారికి తెలుపవలెనని 2020 నాటి ఇ-వాణిజ్య నియమములు శాసించుచున్నవి. ఆ వివరములు బొమ్మకు చాల దిగువను చిన్న యక్షరములలో నుండును. "పోచంపల్లి ప్రింటు", "ఆర్టు సిల్కు" అను మాటలును తరచుగా నచటనే దాగియుండును. ఆర్టు సిల్కనగా కళగల పట్టని భ్రమపడువారు గలరు. అది కృత్రిమమైన పట్టు. ఇక నక్షత్రముల మాట. మెప్పులను కూలికి వ్రాయించు వర్తకులు గలరు. ఈ మెప్పుల విషయమై భారత ప్రమాణముల సంస్థ 2022లో నొక ప్రమాణమును వెలువరించినది గాని, దానిని పాటించుటను అప్పుడు వర్తకుల యిష్టమునకే విడిచినది.

సరకు చేతికి వచ్చిన పిమ్మట పరీక్ష సులభము. పోచంపల్లి నేతలో దారమునే ముందు ముడులు కట్టి రంగులలో ముంచి, ఆపైని మగ్గమున నేయుదురు. అందువలన రంగు రెండువైపుల నొక్కతీరున నుండును. పువ్వు అంచులు కొంచెము చెదరినట్లుండును. ఆ చెదరుటను లోపమని తిప్పిపంపువారును గలరట! అచ్చొత్తిన గుడ్డ ముందు మెరయును, వెనుక వెలవెలబోవును. కొంగు కుచ్చులోని పోగు నొకదానిని వెలిగించినచో, పట్టు తలవెండ్రుకవలె కమరు వాసన నిచ్చును. పాలిస్టరు కరగి పూస కట్టును. సిల్కుమార్కు, చేనేత మార్కు చీటీలు బొమ్మలో నుండుట చాలదు, బట్టతో రావలెను.

పొట్లము విప్పునపుడే ఫోనులో దృశ్యము పట్టి యుంచుకొనవలెను, బిల్లును పారవేయరాదు. అంగడివారి ఫిర్యాదు అధికారికి వ్రాసినచో 48 గంటలలో అందినట్లు తెలిపి, నెలలోపల పరిష్కరింపవలెను. లేనిచో 1915 అను సంఖ్యకు ఫోను చేయవచ్చును. 2019 నాటి వినియోగదారుల చట్టము ప్రకారము, అమ్మినవాడు ఏ రాష్ట్రమున నున్నను, మన నివాసమున్న జిల్లా కమిషనులోనే వ్యాజ్యము వేయవచ్చును. చెల్లించిన వెల 5 లక్షల రూపాయలు మించనిచో రుసుము లేదు.

మా మిత్రులకు వారము దినములలో సొమ్ము తిరిగి వచ్చినది. వారంతటితో మిన్నకుండిరి. మేమిచట వారితో నేకీభవింపజాలము. పోచంపల్లి ఇక్కతు పేరునకు 1999 నాటి భౌగోళిక సూచికల చట్టము రక్షణ నిచ్చుచున్నది. చేతిమగ్గమునకు ప్రత్యేకించిన వస్త్రరకములను మరమగ్గములపై నేయరాదని 1985లోనే చట్టము వచ్చినది. కాని నకిలీ పట్టుకొన్నవారు నోరు మెదపనిచో నీ చట్టములు పట్టుకొనున దెవరిని? ముడులు కట్టుటకే దినములు వెచ్చించు నేతగాడు, గంటకు వందల గజములు అచ్చొత్తు యంత్రముతో తన యూరి పేరుమీదనే పోటీపడవలసి వచ్చుచున్నది. కొనినవారికి సొమ్ము తిరిగివచ్చినను, అతనికి పోయిన బేరము తిరిగి రాదు.

నిన్న మేమా యంగడిని మరల తెరచి చూచితిమి. అమ్మువాని పేరు మారినది. చీర యదియే, బొమ్మ యదియే; వెల మాత్రము నూరు రూపాయలు తగ్గినది.